ఏడు మీటర్లు

ఫోన్‌లో పలికిన గొంతు చాలా మర్యాదగా ఉంది. "కరుణ మేడం గారేనాండీ? యూనివర్సిటీ క్రీడా విభాగం డైరెక్టర్‌ని మాట్లాడుతున్నానండి. కొత్త బిల్డింగ్‌లో మన పాత అథ్లెట్ల కోసం ఒక గోడ కేటాయించామండి. మీ పాత ఫొటో, సర్టిఫికెట్ తీసుకుని ఒక్కసారి వస్తే మాకు గౌరవం" అన్నాడు. మాట తీరును బట్టి కృష్ణా జిల్లా వైపు మనిషి అనుకున్నాను. గౌరవం అన్న మాట వింటే ఈ వయసులో ఎవరైనా మెత్తబడతారు. నేనూ మెత్తబడి, వస్తానని ఒప్పుకున్నాను. కానీ ఆ గోడ మీదికి నా పేరును ఎక్కించే పరుగు గురించి నలభై ఏళ్లుగా నేను ఎవరితోనూ సరిగ్గా మాట్లాడలేదు. ఆఖరికి మా ఆయనతో కూడా.

ఎల్బీనగర్ చౌరస్తాలో బస్సెక్కి, హయత్‌నగర్ దాటి, పెద్ద అంబర్‌పేట్ దగ్గర దిగాను. కొత్త బిల్డింగ్ ఆవరణలోకి అడుగుపెట్టగానే ఎర్రగా మెరిసిపోతున్న సింథటిక్ ట్రాక్ కనిపించింది. ఎవరూ చూడటం లేదని నిర్ధారించుకుని చెప్పుతో ఒకసారి నొక్కి చూశాను. మెత్తగా దిగి మళ్లీ పైకి లేచింది. నిలువుటద్దాల మధ్య బరువులెత్తే గది, కాళ్లు పట్టేస్తే చూడటానికి ఫిజియోథెరపిస్టు, పరుగయ్యాక కూర్చోవడానికి ఐసు నీళ్ల తొట్టి, గీత దగ్గర ఎవరి ఛాతీ ముందు తాకిందో పట్టుకునే కెమెరా, ఆడపిల్లలకు వేరే హాస్టలు. నడవాలో గోడకు మూడు పెద్ద పలకలు బిగించారు: లక్ష్యాలు, సాధనలు, వసతులు. ముప్పై ఎనిమిదేళ్లు సర్కారు బడుల్లో పీఈటీగా పనిచేసినదాన్ని, లక్ష్యాలు చదివి చదివి విసుగెత్తినదాన్ని. సమగ్ర వికాసం, క్రీడాస్ఫూర్తి, అన్నీ వరుసగా ఉన్నాయి. వాటి చివర ఒక్కటి మాత్రం నేరుగా వచ్చి గుండెకు తగిలింది. 'మహిళల నాలుగు వందల మీటర్ల రికార్డును తిరగరాయడం' అని ఉంది. పక్కనున్న సాధనల పలక మీద ఆ రికార్డుకు ఎదురుగా నా పేరుంది.

నేను అక్కడే నిలబడి ఉండగా వెనక నుంచి ఒక అమ్మాయి వచ్చింది. మోకాలికి నల్లటి పట్టీ, చేతిలో నీళ్ల సీసా. "మేడం, కరుణ మేడం మీరేనా?" అని, జవాబు వినకుండానే తన ఫోన్ తీసి నా ముందు పెట్టింది. తెర మీద పెద్ద అంకెల్లో నా టైం ఉంది. "పొద్దుగాల లేవంగనే గిదే చూస్త మేడం. రెండేండ్ల సంది దీని ఎంబడి పడ్డ. జరంతల పోతున్నది, అందుతలేదు." ఆ అమ్మాయి పేరు మౌనిక. వాళ్ల నాన్న బాటసింగారం పండ్ల మార్కెట్లో ట్రాలీ ఆటో నడుపుతాడట. ఇది ఆఖరి సంవత్సరమట. రికార్డు కొట్టినవాళ్ల పేరే జాతీయ శిబిరానికి పంపుతామని ఇక్కడివాళ్లు చెప్పారట. "ఈసారి కొట్టకపోతె ఇంట్ల పెండ్లి చేస్తమంటున్నరు" అని నవ్వింది. 

మేం దిల్‌సుఖ్‌నగర్‌కు వచ్చేనాటికి నాకు ఆరేళ్లు. నాన్న దవాఖానలో వార్డుబాయ్. నల్లగొండ వైపు పల్లె నుంచి వచ్చి రెండు గదులు కిరాయికి తీసుకున్నాం. అమ్మ తెల్లవారకముందే లేచి, పొయ్యి అంటించి, కీర్తన ఎత్తుకునేది. ఆమెకు రాగం అస్సలు రాదు. కానీ ఆ గొంతు వింటూనే నేను లేచేదాన్ని. రాత్రి నానబెట్టిన శనగలు గుప్పెడు, ఒక బెల్లం ముక్క, గిన్నెడు రాగి జావ, ఇవీ నా ప్రత్యేక ఆహారం. నాకు బెల్లం పెద్దది పడిందని మా తమ్ముడు రోజూ గొడవ పెట్టేవాడు. "అది ఉరుకుతది, నువ్వు పంటవు. నీకెందుకురా బెల్లం?" అనేది అమ్మ. ఆడపిల్ల నిక్కరేసుకుని రోడ్డు మీద పరిగెత్తడమేమిటని ఇంటి ఓనరమ్మ అడిగితే, "ఉరికితె ఉరకని అమ్మా, నేను ఉరకలే గద" అని మాత్రం అంది. ఎందుకో ఆ మాట నాకు ఇప్పటికీ ఎవరి ఆశీర్వాదం కన్నా ఎక్కువ.

ఇంటి నుంచి మైదానానికి పరుగెత్తుకుంటూనే వెళ్లేదాన్ని. దిల్‌సుఖ్‌నగర్ దాటితే ఇళ్లు పలచబడేవి. కొత్తపేట తర్వాత రోడ్డుకు రెండు వైపులా ద్రాక్ష తోటలు. తీగలకు గంధకం చల్లిన రోజు ఆ ఘాటు ముక్కుల్లోకి ఎక్కి తుమ్ములొచ్చేవి. ఎల్బీనగర్ దగ్గర ఒక భూస్వామి కుటుంబం దగ్గర విశ్వవిద్యాలయం లీజుకు తీసుకున్న బీడు భూమే మా మైదానం. ఇప్పుడక్కడ తొమ్మిది అంతస్తుల అపార్ట్‌మెంట్లు లేచాయి. మా క్రీడా విభాగం అంటే ఒక రేకుల షెడ్డు, ఒక ఇనుప బీరువా, మూడు ఈటెలు, నీళ్ల కుండ. ఆ ఈటెల్లో ఒకటి వంకర. మేకుల బూట్లు ఆడపిల్లలందరికీ కలిపి రెండు జతలు. పాదం చిన్నదైతే ముందు దూది కుక్కుకునేవాళ్లం. నా పాదం పెద్దది, దూది అవసరం పడలేదు. అదొక్కటే దేవుడు నాకిచ్చిన వసతి అని నవ్వుకునేదాన్ని.

ఆ షెడ్డుకు అధిపతి మా కోచ్ సారు. సన్నగా, పొడుగ్గా, ఎప్పుడూ ఇస్త్రీ చొక్కాలో ఉండేవారు. బీరువాలో ఆయన ప్రాణంగా చూసుకునే స్టీలు టేపు ఉండేది. అంతకు ముందు ఒక టేపును ఎవరో మడత పెట్టి పాడుచేశారట. అప్పటి నుంచి బీరువా తాళంచెవి ఆయన జేబులోంచి బయటికి వచ్చేది కాదు. ఆయన ఉంటేనే టేపు, ఆయన లేకపోతే లేదు. "పరుగులో ఉన్నవి రెండే నిజాలు పిల్లా. ఎంత దూరం, ఎంత సమయం. ఈ రెంట్లో ఒకటి తప్పయితే నువ్వు ఊరికే ఆయాసపడ్డట్టు" అనేవారు. మలుపు గీత ఒక్క అంగ లోపలికి జరిగితే రెండు మలుపులూ కలిపి ఆరంగలు తగ్గిపోతాయని నేల మీద పుల్లతో గీసి చూపించింది కూడా ఆయనే. లెక్కల్లో నేను మొద్దుని. ఆ లెక్క మాత్రం నాకు బతికున్నంతకాలం గుర్తుండేట్టు ఆయనే నేర్పారు.

మైదానానికి ఇంకో మనిషి ఉండేవాడు. యాదయ్య. రోజు కూలీ మీద గ్రౌండ్ పనిచేసేవాడు. గడ్డి పీకడం, రాళ్లు ఏరడం, ఇసుక గుంట తవ్వడం, అన్నిటికన్నా ముఖ్యంగా సున్నంతో గీతలు వేయడం ఆయన పని. నేను కాకా అని పిలిచేదాన్ని. ట్రాక్ మలుపులకు కేంద్రంగా రెండు చివరలా రెండు సిమెంటు రాళ్లు పాతి ఉండేవి. రాయి దగ్గర మేకు కొట్టి, టేపు లాగి పట్టుకుని, గుండ్రంగా తిరుగుతూ సున్నం పోసేవారు. టేపు లేని రోజుల కోసం యాదయ్య కాక ఒక నూలు తాడు సొంతంగా తయారు చేసుకున్నాడు. ఎండలో టేపు పక్కన పరిచి, సరిగ్గా కొలిచి ముడులు వేసుకున్న తాడు అది. సున్నం పోసేటప్పుడు ఆయన మాట్లాడేవాడు కాదు. చుట్ట కూడా తాగేవాడు కాదు. వంగిన నడుము ఎత్తకుండా చుట్టంతా తిరిగి, చివరికి లేచి నిలబడి, వెనక్కి చూసి, "ఎట్లున్నది బిడ్డా?" అని అడిగేవాడు. బాగుంది కాకా అంటే ఆయన మొహంలో వచ్చే వెలుగు నేను మళ్లీ ఏ అధికారి మొహంలోనూ చూడలేదు.

అంతర కళాశాలల పోటీలు మా మైదానంలో పడ్డ సంవత్సరం, మొదటి రోజు ఆడపిల్లల పరుగులు, రెండో రోజు మగపిల్లలవి. పోటీకి ముందు రెండు రోజులు సారు చుట్టాల పెళ్లికని ఊరెళ్లారు. తాళంచెవి ఆయనతోపాటే వెళ్లింది. మొదటి రోజు మధ్యాహ్నానికి కానీ తిరిగి రాలేనని కబురు పెట్టారు. పోటీకి ముందు రోజు సాయంత్రం వాన దంచి కొట్టింది. పాత గీతలన్నీ కొట్టుకుపోయాయి. యాదయ్య కాక తెల్లవారుజామునే వచ్చి, తుంపర పడుతుండగానే, తన నూలు తాడుతో మలుపులు కొలిచి గీతలు వేశాడు. మేం వచ్చేసరికి ఎర్రమట్టి మీద తెల్లటి గీతలు పండుగ ముగ్గుల్లా ఉన్నాయి. మధ్యాహ్నం ఎండ కాసి నేల గట్టిపడింది. ఆఖరి పరుగు మాది. సారు అప్పటికి రానేలేదు. నేను గీత దాటి వెనక్కి వచ్చేసరికి గడియారం పట్టుకున్న ముగ్గురూ ఒకరి చేతిలోకి ఒకరు తొంగి చూసుకోవడం కనిపించింది. పాత రికార్డు అర సెకను తేడాతో పోయింది. ఎవరో నన్ను ఎత్తి గిరగిరా తిప్పారు. ఆ రోజు ఇంటికి ఎలా వెళ్లానో నాకు గుర్తు లేదు. అమ్మ మాత్రం ఆ పూట తమ్ముడికి కూడా పెద్ద బెల్లం ముక్క పెట్టింది.

మర్నాడు పొద్దున్నే మైదానానికి వెళ్లాను. పరుగెత్తే పని లేదు, ఊరికే ఆ చోటును చూసుకోవాలనిపించింది. సారు వచ్చేశారు. షెడ్డులో కూర్చుని కాగితాలు సర్దుకుంటూ, "శభాష్ పిల్లా" అని ఒక్క మాట అన్నారు. ఆయన నోట శభాష్ రావడమంటే మామూలు విషయం కాదు. మగపిల్లల పరుగుల కోసం గీతలు మళ్లీ వేయమని టేపు తీసి యాదయ్య కాకకు ఇచ్చారు. "జర గీ కొస పట్టుకో బిడ్డా" అని కాక నన్ను పిలిచాడు. నేను టేపు మొదలును రాయి మీద నొక్కి పట్టి కూర్చున్నాను. కాక టేపు లాక్కుంటూ వెనక్కి నడిచాడు. నిన్నటి గీత వచ్చింది. ఆయన ఆగలేదు. గీత దాటి ఇంకో పెద్ద అంగ వేసి అప్పుడు ఆగాడు. టేపు వైపు చూశాడు, కాళ్ల ముందున్న గీతను చూశాడు, నన్ను చూశాడు.  మేం రెండో రాయి దగ్గరికి కూడా వెళ్లి కొలిచాం. అక్కడా అంతే. సారు నేర్పిన లెక్క ప్రకారం చుట్టంతా కలిపి ఏడు మీటర్లు తక్కువ.

కాక గొంతుక్కూర్చున్నాడు. "తాడు నానింది బిడ్డా. నానితె నూలు గుంజుకపోయి పొట్టిగయితది. మంచాలకు నులక అల్లెటోన్ని, గది నాకు ఎరుకలేదా? గీతలు తొందరగ పడాల్నని పరేషాన్ల మతికి రాలే." తల పట్టుకున్నాడు. తర్వాత లేచి, "సారుకు జెప్పొస్త" అని షెడ్డు వైపు రెండడుగులు వేశాడు.

నేను ఆయన చెయ్యి పట్టుకున్నాను. "వద్దు కాకా. సారుకు జెప్తె నీ నౌకరి పోతది." అప్పటికి ఆయన్ను పర్మినెంటు చేసే కాగితం ఆఫీసులో నడుస్తోంది.

"పోతె ఇంకోటి దొరుకుతది. కొలత తప్పయిందని జెప్పాలె గద. మేర తప్పిన గీత మీద ఉరికిచ్చిన నిన్ను."

"గెలుపు తప్పు కాదు కదా కాకా. అందరం గా గీత మీదనే ఉరికినం."

"గెలుపు కాదు బిడ్డా, గా రికార్డు."

నేను ఏడ్చాను. నా బతుకంతా అండ్లనే ఉన్నది కాకా అని ఏడ్చాను. క్రీడాకారుల కోటాలో ఉద్యోగం రావాలంటే పతకం చాలదు, రికార్డు ఉంటే తిరుగులేదని అందరూ చెప్పేవాళ్లు. నాన్న ఒంట్లో చేతకాకపోయినా డ్యూటీకి వెళ్తున్న రోజులవి. నేను కాక నౌకరి కోసం ఆపానని చాలా ఏళ్లు నాకు నేను చెప్పుకున్నాను. అబద్ధం. నా కోసమే ఆపాను. యాదయ్య కాక నా మొహం చూశాడు. ఆ తర్వాత ఒట్టి పాదంతో నిన్నటి గీతను మట్టిలో కలిపేస్తూ చుట్టంతా నడిచాడు. ఆ రోజు గీతలు వేశాక ఎట్లున్నది బిడ్డా అని అడగలేదు.

ఆదివారం చర్చిలో సాక్ష్యం చెప్పమన్నారు. మా సంఘంలో ఎవరికి మేలు జరిగినా నిలబడి చెప్పడం అలవాటు. దేవుడు నా కాళ్లకు బలమిచ్చాడని చెప్పాను. అందరూ స్తోత్రం అన్నారు. అమ్మ కొంగుతో కళ్లు ఒత్తుకుంది.  పై ఏడు ఉద్యోగం వచ్చింది. నాన్న ఇంటిపట్టున ఉన్నాడు, తమ్ముడు చదువుకున్నాడు, నాకు పెళ్లయింది. ఎన్నో బడుల్లో ఎందరో పిల్లలకు పరుగు నేర్పాను, దూరం మాత్రం ఎప్పుడూ నేనే స్వయంగా టేపుతో కొలిచాను. పిల్లలకు అది నా చాదస్తం అనిపించేది.

యాదయ్య కాక పర్మినెంటు అయ్యాడు. ఆ తాడును మాత్రం మళ్లీ వాడలేదు. టేపు రాకపోతే పోటీ ఆగినా సరే, గీత వేయనని కూర్చునేవాడట. నా పెళ్లికి వచ్చి, అక్షింతలు వేయాలో ప్రార్థన చేయాలో తెలియక చేతులు జోడించి నిలబడ్డాడు. వెళ్లేటప్పుడు నా దగ్గరికి వచ్చి మెల్లగా, "ఇప్పుడు నౌకరి పక్కా అయింది గద, జెప్దామా బిడ్డా?" అని అడిగాడు. పెళ్లి బట్టల్లో ఉండి ఆ మాటేమిటి కాకా అని కసురుకున్నాను. ఆయన తలూపి వెళ్లిపోయాడు. ఆ తర్వాత ఎప్పుడూ అడగలేదు. హయత్‌నగర్‌లో కొడుకు దగ్గర ఉన్నాడని తెలిసి కూడా నేను వెళ్లలేదు. ఎల్బీనగర్ నుంచి హయత్‌నగర్ ఎంత దూరమని! ఆయన పోయిన ఆరు నెలలకు నాకు కబురు తెలిసింది. ఇప్పుడు ఆ మైదానం కావాలని, ఆ గంధకం వాసన కావాలని, అమ్మ శ్రుతిలేని కీర్తన కావాలని నా ప్రాణం కొట్టుకుంటుంది. అన్నిటికన్నా ఎక్కువగా, వంగిన నడుము ఎత్తి వెనక్కి తిరిగి చూసే ఆ మనిషి కావాలి. ఆయన ఉండగా నేను చెప్పాల్సింది.

మౌనికను ట్రాక్ దగ్గర ఉండమని చెప్పి డైరెక్టర్ గదిలోకి వెళ్లాను. కూర్చోగానే మొత్తం చెప్పేశాను. ఆయన నిజంగా మంచివాడు. మంచినీళ్లు తెప్పించాడు. "ఇప్పుడెవరడిగారండీ మేడం గారూ? మన విభాగం చరిత్ర పుస్తకం కూడా అచ్చుకి వెళ్లిపోయింది" అన్నాడు. మౌనిక పేరు చెప్పాను. అప్పుడు కాస్త ఆలోచించి, ఒక ఉత్తరం రాసిస్తే పై వాళ్లకు పంపుతానన్నాడు. రాయడానికి కాగితం ఇస్తూ, "గ్రౌండ్ సిబ్బంది పొరపాటు వల్ల అని ఒక్క ముక్క రాస్తే సరిపోతుందండి. తాళంచెవి, పెళ్లి, అవన్నీ ఎందుకండీ?" అన్నాడు.

"యాదయ్య కాక అదే పొద్దు చెప్తానన్నడు సార్. ఆపింది నేను. అది రాయకుంటే నేను ఇక్కడికి వచ్చి లాభమేమున్నది?" అన్నాను.

రెండు పేజీలు రాశాను. యాదయ్య కాక పేరు, ఆయన చెప్పిన మాటలు, నేను చెప్పిన మాటలు, ఏదీ వదల్లేదు. డైరెక్టర్ రెండుసార్లు చదివాడు. బల్ల మీదున్న కంప్యూటర్‌లో చాలాసేపు వెతికాడు. "యాదయ్య అనే పేరు మా దగ్గర ఎక్కడా లేదండి" అన్నాడు చివరికి. ఉత్తరం మీద ముద్ర వేసి ఫైల్లో పెట్టాడు. మన విభాగం చరిత్రలో గీతలన్నీ గీసిన మనిషి పేరు లేకపోవడం ఏమిటని ఆయనతో పోట్లాడదామనుకున్నాను. ఆ మనిషి ఇంటికి నేను వెళ్లనిదాన్ని, ఏ మొహం పెట్టుకుని పోట్లాడను?

మౌనిక ట్రాక్ పక్కన మోకాలి పట్టీ విప్పుకుంటూ కూర్చుంది. పక్కన కూర్చుని ఆమెకు కూడా అంతా చెప్పాను. ముందు అర్థం కానట్టు చూసింది. తర్వాత మొహం ఎర్రబడింది. "రెండేండ్లు మేడం. మోకాలు వాస్తె సుత ఆపలే. దాని ముందటి రికార్డు నేను ఎప్పుడో దాటిన" అంది. నేను తల వంచుకున్నాను. తిడుతుందేమో అనుకున్నాను, తిడితే బాగుండుననీ అనుకున్నాను. ఆ అమ్మాయి ఫోన్ తీసి, తెర మీదున్న నా అంకెలను చాలాసేపు చూసింది.

"గా ఏడు మీటర్లు కూడ ఉంటె మీరు ఎంత టైంల వచ్చేటోళ్లు మేడం?" అని అడిగింది.

ఆ మాటలో కోపం లేదు. ఒక పరుగెత్తే మనిషి ఇంకో పరుగెత్తే మనిషిని అడిగిన ప్రశ్న. ఆ రోజు గీత దాటాక కూడా నా కాళ్లలో పరుగు మిగిలే ఉంది. ఆగలేక, ఎదురొచ్చేవాళ్లను తప్పించుకుంటూ తర్వాతి మలుపు దాకా వెళ్లిపోయాను. ఆ మిగిలిన పరుగుతో ఏడు మీటర్లు దాటడానికి ఎంత పట్టేదో. మర్నాడు కాకను సారు దగ్గరికి పోనిచ్చి ఉంటే, సారు కోపపడేవారు, కాగితాలు చింపేవారు, చివరికి సరైన గీత మీద ఇంకోసారి ఉరకమనేవారు. ఆయన సంగతి నాకు తెలుసు. నాకప్పుడు పందొమ్మిదేళ్లు. ఉరకగలిగేదాన్ని.

"తెల్వదు బిడ్డా" అన్నాను.